సామాను లారీ ఎక్కకముందే తేలాల్సిన లెక్క

ఇల్లు మారడం ఇప్పుడు తెలుగు కుటుంబాల్లో మామూలు సంగతి. బ్యాంకు ఉద్యోగికి బదిలీ వస్తుంది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కంపెనీ మారి హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళతాడు, పిల్లల కాలేజీ కోసం ఊళ్లో ఇంటికి తాళం వేసి విజయవాడలో అద్దెకు దిగుతారు, ఓనరు అద్దె పెంచితే పక్క కాలనీకి మారతారు. 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం హైదరాబాద్ నుంచి వెలగపూడికి తరలినప్పుడు ఎన్నో ఉద్యోగుల కుటుంబాలు ఒకే వేసవిలో సామాను సర్దుకున్నాయి. 2020 లాక్‌డౌన్‌లో మాదాపూర్, గచ్చిబౌలి చుట్టుపక్కల ఫ్లాట్లు ఖాళీ చేసి సొంతూళ్లకు వెళ్లినవాళ్లు, రెండేళ్లకు మళ్లీ అదే దారిలో తిరిగొచ్చారు.

ఒక తరం కిందట ఈ పని చుట్టాలు, స్నేహితులు కలిసి చేసేవారు. పాత దుప్పట్లలో గాజు సామాను చుట్టి, గోనెసంచుల్లో స్టీలు గిన్నెలు నింపి, తెలిసిన లారీ డ్రైవరును మాట్లాడుకునేవారు. ఇప్పుడు ఇళ్లల్లో సామాను పెరిగింది, సాయం వచ్చే చేతులు తగ్గాయి. ఆ ఖాళీలోకి ప్యాకర్స్ అండ్ మూవర్స్ వచ్చారు. జీవితంలో నాలుగైదుసార్లు మాత్రమే వాడే సేవ కాబట్టి దీని గురించి అనుభవం పోగయ్యే అవకాశం తక్కువ. అందుకే చాలామంది "ఎవరు తక్కువకు చేస్తారు?" అనే ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకుంటారు. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: దారిలో ఏదైనా జరిగితే జవాబు చెప్పేది ఎవరు, ఎంతవరకు? ఈ రంగంలో ధర, చట్టం, బీమా, మోసం అన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

ఈ పనిలో ఎవరెవరున్నారు

"ప్యాకర్స్ అండ్ మూవర్స్" అనే ఒకే బోర్డు కింద నాలుగైదు రకాల వ్యాపారాలు నడుస్తున్నాయి. మొదటి రకం సొంత లారీలు, సొంత గోడౌన్లు, జీతం ఇచ్చే ప్యాకింగ్ సిబ్బంది ఉన్న పెద్ద కంపెనీలు. రెండో రకం ఒక ఊళ్లో చిన్న ఆఫీసు పెట్టుకుని, పని వచ్చినప్పుడు లారీని ట్రాన్స్‌పోర్టు నుంచి, మనుషుల్ని అడ్డా మీది నుంచి తెచ్చుకునేవి. మూడో రకానికి లారీ లేదు, గోడౌన్ లేదు. ఆర్డరు పట్టి, కమీషన్ మిగుల్చుకుని ఇంకొకరికి అప్పగించే మధ్యవర్తులు వీళ్లు. నాలుగోది పోర్టర్, నోబ్రోకర్ లాంటి యాప్‌ల ద్వారా దొరికే సేవ. ఇవి కాక, కేవలం బండి మాట్లాడుకుని మిగతాదంతా మనమే చూసుకునే పాత పద్ధతి ఎలాగూ ఉంది.

ఏది మేలన్నది పనిని బట్టి ఉంటుంది. అదే ఊళ్లో సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు మారుతుంటే, అందరూ చోటా హాథీ అని పిలిచే టాటా ఏస్, ఇద్దరు హమాలీలు, ఒక పూట చాలు. దాని వెనక భాగం ఏడడుగుల పొడవే ఉంటుంది కాబట్టి డబుల్ బెడ్‌రూమ్ సామానుకు రెండు ట్రిప్పులైనా పడతాయి, లేదా డీసీఎం లాంటి పెద్ద వ్యాను కావాలి. హైదరాబాద్ నుంచి సుమారు 275 కిలోమీటర్ల దూరంలో ఉన్న విజయవాడకైతే పొద్దున ఎక్కించి రాత్రికి దించుకోవచ్చు. మనమే బండి వెంట వెళ్లగలిగే దూరంలో చాలా ప్రమాదాలు తప్పుతాయి. బెంగళూరు, పుణె, ఢిల్లీ లాంటి చోట్లకు సామాను ఒక దారి, మనం ఒక దారి. అక్కడి నుంచే కంపెనీ ఎంపిక నిజంగా ముఖ్యమవుతుంది.

దూరపు ప్రయాణాల్లో ఇంకో తేడా ఉంది. లారీ మొత్తం మన సామానుకే అయితే ఫుల్ లోడ్; ఇంకో రెండు మూడు ఇళ్ల సామానుతో కలిపి పంపితే పార్ట్ లోడ్. పార్ట్ లోడ్ చవక. కానీ సామాను గోడౌన్‌లో దిగుతుంది, లారీ నిండేదాకా ఆగుతుంది, మళ్లీ ఎక్కుతుంది, ఒక్కోసారి మధ్యలో లారీ మారుతుంది. గీతలు పడటం, అట్టపెట్టె తప్పిపోవడం, ఒకరి మిక్సీ ఇంకొకరి ఇంట్లో తేలడం ఎక్కువగా ఈ ఎక్కింపు దింపుల్లోనే జరుగుతాయి. ఫుల్ లోడ్ అని డబ్బు కట్టించుకుని పార్ట్ లోడ్‌లో పంపే మోసం కూడా ఉంది. అందుకే లారీ నంబరు, డ్రైవరు ఫోన్ నంబరు ఎక్కించేటప్పుడే తీసుకోవాలి. దిగేటప్పుడు అదే లారీ వచ్చిందో లేదో చూడాలి.

కొన్ని వస్తువులకు ఈ కంపెనీలతో పనే లేదు. బైకును రైల్వే పార్సిల్‌లో పంపొచ్చు; పెట్రోలు తీసేసి, ఆర్‌సీ నకలు, గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. పుస్తకాల పెట్టెలు రెండు మూడు ఉంటే ఆర్టీసీ కార్గో ఉంది. ఇలా విడదీస్తే లారీ సైజు ఒక మెట్టు తగ్గే వీలుంటుంది.

ధర ఎక్కడ పుడుతుంది

ఫోన్లో "డబుల్ బెడ్‌రూమ్, హైదరాబాద్ నుంచి చెన్నై, ఎంత?" అని అడిగితే వచ్చే జవాబుకు విలువ లేదు. ఇల్లు చూడకుండా ధర చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. ఒకే సైజు ఫ్లాట్లో కొత్తగా పెళ్లైన జంట సామాను, ముప్పై ఏళ్ల సంసారం సామాను ఒకటి కావు. బాధ్యత గల కంపెనీ మనిషిని పంపుతుంది, కనీసం వీడియో కాల్‌లో గది గదీ చూస్తుంది. బీరువాలు తెరిపిస్తుంది, అటకల మీద ఏముందో అడుగుతుంది. ఆ సామానును ఘనపుటడుగుల్లోకి, అంటే వాళ్లు సీఎఫ్‌టీ అనే లెక్కలోకి మార్చి, దాన్ని బట్టి లారీ సైజు తేలుస్తుంది. సర్వే చేయకుండానే ధర ఖాయం చేసే కంపెనీ ఆ ధరకు కట్టుబడి ఉంటుందని నమ్మలేం. లారీ సగం నిండాక "మీరు చెప్పినదానికంటే సామాను ఎక్కువుంది" అనే మాట వచ్చేది అక్కడే.

ధరలో కిరాయి ఒక భాగం మాత్రమే. ప్యాకింగ్ సరంజామా, ప్యాకింగ్ కూలి, ఎక్కింపు, దింపు, మంచాలు బీరువాలు విప్పి బిగించడం, ఏసీ తీసి బిగించడం, అక్కడ పెట్టెలు విప్పడం వేర్వేరు పనులు. కొటేషన్‌లో వీటిలో ఏవి ఉన్నాయి, ఏవి లేవు అన్నది రాతలో ఉండాలి. పై అంతస్తు, లిఫ్టులో పట్టని సోఫా, గేటు దాకా రాని లారీ, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వసూలు చేసే షిఫ్టింగ్ ఛార్జీ లాంటివి ముందే చెప్పుకోవాలి. హైదరాబాద్‌లో పెద్ద లారీలకు పగటిపూట ఆంక్షలున్న దారులు చాలా ఉన్నాయి. పెద్ద లారీ ఊరి బయట ఆగి, చిన్న బండిలో సామాను ఇంటికి చేరాల్సి వస్తే ఆ ఖర్చు ఎవరిదో కూడా అప్పుడే తేలాలి.

కాలం కూడా ధరను కదిలిస్తుంది. నెలాఖరు, ఒకటో తారీఖు, స్కూళ్లు తెరవబోయే మే చివరి వారాలు గిరాకీ రోజులు. ఆషాఢంలో చాలా ఇళ్లు కదలవు. శ్రావణం రాగానే అందరికీ అవే నాలుగు మంచి రోజులు కావాలి. దీనికి సులువైన మార్గం ఉంది. మంచి ముహూర్తానికి పాలు పొంగించి, దేవుడి పటం, కలశం, కొంచెం బియ్యం, పప్పు పెట్టుకుని గృహప్రవేశం చేసేయండి. సామాను లారీ నెల మధ్యలో, వారం మధ్యలో వచ్చేలా చూసుకోండి. ఆచారానికి లోటుండదు, ధర తగ్గుతుంది. అంతకంటే ముఖ్యం, ఒకే రోజు మూడిళ్లు పూర్తి చేయాలనే హడావుడిలో లేని మనుషులు మీ ఇంటికి వస్తారు.

బిల్లులో "ఆక్ట్రాయ్", "ఎంట్రీ ట్యాక్స్" పేరుతో ఏదైనా కలిపితే రసీదు అడగండి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక అలాంటి రాష్ట్ర పన్నులు అందులో కలిసిపోయాయి. 50 వేల రూపాయలు దాటిన సరుకుకు ఈ-వే బిల్లు కావాలన్న నిబంధన నుంచి వాడిన ఇంటి సామానుకు మినహాయింపు ఉంది. ఈ-వే బిల్లు ఖర్చు అంటూ ఎవరైనా అడిగితే ఇవ్వాల్సిన పని లేదు. కొత్తగా కొన్న టీవీ, ఫ్రిజ్ పెట్టెల్లోనే ఉంటే మాత్రం వాటి బిల్లుల నకళ్లు లారీలో పెట్టడం మంచిది.

చట్టం మన చేతికిచ్చినవి

దేశంలో ఇంటి సామాను తరలింపు కోసమే ప్రత్యేకంగా చేసిన చట్టం లేదు. కానీ రోడ్డు మీద సరుకు మోసే ప్రతి వ్యాపారికీ వర్తించే చట్టం ఒకటుంది. 1865 నాటి క్యారియర్స్ చట్టం స్థానంలో క్యారేజ్ బై రోడ్ చట్టం 2007లో వచ్చింది. నిబంధనలతో సహా 2011 నుంచి అమల్లో ఉంది. దీని ప్రకారం సరుకు రవాణా చేసేవాళ్లు, బుకింగ్ తీసుకునే ఏజెంట్లు, బ్రోకర్లు కూడా కామన్ క్యారియర్‌గా రవాణా శాఖ అధికారుల దగ్గర రిజిస్టర్ కావాలి. మధ్యవర్తి "నేను ఏజెంటును మాత్రమే" అని తప్పుకోవడానికి చట్టం దారి ఇవ్వలేదు.

ఈ చట్టంలో మనకు పనికొచ్చేవి నాలుగున్నాయి. మొదటిది, సామాను పోయినా పాడైనా అది రవాణాదారు నిర్లక్ష్యం వల్లేనని మనం రుజువు చేయక్కర్లేదు. ప్రకృతి వైపరీత్యం, యుద్ధం, అల్లర్లు, ప్రభుత్వ జప్తు లాంటి కారణాలు తప్ప మిగతా నష్టాలకు అతనే బాధ్యుడు. పాత చట్టంలోని ఇలాంటి సూత్రమే వినియోగదారుల ఫోరాల్లోనూ వర్తిస్తుందని 2000లో పటేల్ రోడ్‌వేస్ - బిర్లా యమహా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

రెండోది అందరూ తెలుసుకోవాల్సింది, దాదాపు ఎవరికీ తెలియనిది. సామాను ఎక్కించేటప్పుడు మనం నింపి ఇచ్చే పత్రంలో, అంటే గూడ్స్ ఫార్వర్డింగ్ నోట్‌లో విలువ రాసి, దానికి తగ్గ ఎక్కువ రేటు చెల్లించడానికి ఒప్పుకోకపోతే, రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్ల దగ్గర ఆగిపోతుంది. ఉదాహరణకు కిరాయి 15 వేలు అనుకుందాం. ఇంటి సామాను విలువ 5 లక్షలైనా, లారీ మొత్తం బుగ్గి అయినా, పరిమితి లక్షన్నరే. బిల్లులో కిరాయి గడిలో చిన్న అంకె వేసి, మిగతాది ప్యాకింగ్ కిందా కూలి కిందా రాస్తే ఆ పరిమితి ఇంకా కిందికి దిగే ప్రమాదం ఉంది. చవక ధర ఖర్చునే కాదు, రేపు మనకు రావాల్సిన పరిహారాన్నీ తగ్గిస్తుంది. కొటేషన్లు పోల్చేటప్పుడు ఈ లెక్క కూడా పక్కన వేసుకోవాలి.

మూడోది గడువు. ఎన్ని రోజుల్లో చేరుస్తామన్నది ఆ పత్రంలో రాసి ఉంటే, ఆ గడువు దాటాక జరిగే ఆలస్యానికి రవాణాదారు బాధ్యత పెరుగుతుంది. రాయకపోతే "వస్తుంది సార్, దారిలో ఉంది" అనే మాటకు అంతుండదు.

నాలుగోది నోటీసు. కేసు వేయాలంటే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. ఫోన్లు, వాట్సాప్‌లో బతిమాలడాలతో ఆర్నెల్లు గడిచిపోతే మంచి కేసు కూడా చేజారిపోతుంది.

వీటన్నిటికీ ఆధారం కాగితం. ట్రాన్స్‌పోర్టు వాళ్లు ఎల్ఆర్ అని, బిల్టీ అని పిలిచే గూడ్స్ రసీదు లేకుండా లారీ కదలకూడదు. దాని వెనక చిన్న అక్షరాల్లో ఉండే షరతులు కూడా చదవాలి. 1996లో భారతి నిట్టింగ్ - డీహెచ్ఎల్ కేసులో, సంతకం పెట్టిన రసీదు మీద బాధ్యతకు పరిమితి రాసి ఉంటే అది పంపినవాళ్లను కట్టిపడేస్తుందని సుప్రీంకోర్టు తేల్చింది. చదవలేదన్న మాట అక్కడ చెల్లదు.

బీమా అనుకున్నది బీమాయేనా

కొటేషన్‌లో "ట్రాన్సిట్ ఇన్సూరెన్స్" అనో "ఎఫ్‌ఓవీ" అనో సామాను విలువలో కొంత శాతం వేస్తారు. ఈ రెండూ ఒకటి కావు. ఎఫ్‌ఓవీ అంటే విలువను బట్టి కంపెనీ తనకు తాను వసూలు చేసుకునే రిస్కు రుసుము. నష్టం జరిగితే చెల్లించాల్సింది ఆ కంపెనీయే, అదీ దాని షరతుల ప్రకారం. అసలైన బీమా అయితే లైసెన్సున్న బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు, మీ పేరు, మీ సామాను విలువ ఉన్న సర్టిఫికెట్ లారీ కదలకముందే చేతికి రావాలి. "మా కంపెనీ మొత్తానికి పాలసీ ఉంది" అంటే ఆ సర్టిఫికెట్ చూపించమనాలి. హైదరాబాద్‌లోనే ప్రధాన కార్యాలయమున్న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వెబ్‌సైట్‌లో ఏ బీమా కంపెనీకి లైసెన్సు ఉందో చూసుకోవచ్చు.

రోడ్డు మీద పోయే సామానుకైనా మన దేశంలో ఇది మెరైన్ పాలసీల కోవలోకే వస్తుంది. ఇందులో అన్ని రకాల నష్టాలనూ కవర్ చేసేది, ప్రమాదాలకే పరిమితమైనది, అగ్ని లాంటి కొన్నిటికే వర్తించేది అని మెట్లుంటాయి. ప్రీమియం తక్కువ ఉన్నదాంట్లో విరిగిన గాజుకు, గీత పడ్డ టేబులుకు ఏమీ రాదు. అన్నిటినీ కవర్ చేసే పాలసీలో కూడా సాధారణంగా నగలు, నగదు, పత్రాలు ఉండవు. మనమే సర్దిన పెట్టెలో పగిలినవాటికి, బయట దెబ్బ కనపడకుండా లోపల పనిచేయడం మానేసిన టీవీకి పరిహారం దొరకడం కష్టం. అందుకే ఎక్కించేముందు టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ నడుస్తుండగా వీడియో తీసి పెట్టుకోవాలి. విలువ రాసేటప్పుడు కొన్న ధర కాకుండా ఇప్పటి ధర వేయాలి. ప్రీమియం తగ్గుతుందని తక్కువ విలువ రాస్తే, క్లెయిమ్ కూడా అదే నిష్పత్తిలో తగ్గుతుంది.

మోసం నడిచే తీరు

పోలీసు స్టేషన్లకు, వినియోగదారుల కమిషన్లకు చేరే కథలు దాదాపు ఒకే దారిలో నడుస్తాయి. ఇంటర్నెట్‌లో ఒకచోట నంబరు ఇస్తారు. పది నిమిషాల్లో పది ఫోన్లు. ఆ నంబరును లీడ్‌గా అమ్మిన సంస్థకు ఆ పదిమందిలో ఎవరు ఎలాంటివారో పూచీ లేదు. అందరికంటే బాగా తక్కువ చెప్పినవాళ్లు అడ్వాన్సు ఒక వ్యక్తి ఫోన్ నంబరుకు వేయించుకుంటారు. సామాను ఎక్కించుకుని వెళ్లాక ధర పెరుగుతుంది: బరువు ఎక్కువైంది, టోల్ ఎక్కువైంది, పన్ను కట్టాలి. డబ్బు కట్టకపోతే సామాను గోడౌన్‌లోనే ఉంటుంది. కొత్త ఊళ్లో, ఖాళీ ఇంట్లో, పిల్లలతో నేల మీద పడుకుంటున్న కుటుంబం చాలాసార్లు కట్టేస్తుంది. ఇది బేరం కాదు, నేరం.

ఒప్పుకున్న కిరాయి బాకీ ఉంటే సామాను ఆపుతామనడానికి రవాణాదారుకు కారణం ఉండొచ్చు. కాగితం మీద లేని కొత్త మొత్తం కోసం ఆపడానికి ఏ కారణమూ లేదు. తనకు అప్పగించిన సరుకు విషయంలో రవాణాదారు చేసే నమ్మకద్రోహానికి భారతీయ న్యాయ సంహితలోని 316వ సెక్షన్ మూడో ఉపవిభాగం కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. పోలీసులు "ఇది సివిల్ గొడవ" అంటే కొటేషన్, ఎల్ఆర్, చెల్లించిన ఆధారాలు ముందు పెట్టి ఈ సెక్షన్ ఎత్తి చూపండి. అడ్వాన్సు తీసుకుని మాయమైపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. సేవాలోపానికి 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. అక్కడ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉంటున్న ఊళ్లోనే ఫిర్యాదు చేయొచ్చు, కంపెనీ ఉన్న ఊరికి పోనక్కర్లేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. దీనికి గడువు రెండేళ్లు. అయినా ముందు చెప్పిన 180 రోజుల నోటీసును మరవొద్దు.

కంపెనీని వడపోసే పద్ధతి

మొదట పేరు. ఈ రంగంలో ఒకే పేరు, ఒకేలాంటి లోగో ఎన్నో కంపెనీలకు కనిపిస్తాయి. "అగర్వాల్" పేరు మీద వివాదాలు కోర్టుల దాకా వెళ్లాయి. బోర్డు మీది పేరు కాదు, బిల్లు మీది పూర్తి పేరు చూడాలి. దాని పక్కనుండే 15 అక్షరాల జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో కొడితే అసలు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నడుస్తోందో లేదో తెలుస్తుంది. మొదటి రెండంకెలు రాష్ట్రం గుర్తు: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. కొటేషన్, ఎల్ఆర్, బిల్లు, డబ్బు వేయమన్న బ్యాంకు ఖాతా, ఈ నాలుగింటి మీదా ఒకే పేరుండాలి. ఏ ఒక్కటి తేడా ఉన్నా మధ్యలో ఇంకొకరున్నారని అర్థం.

తర్వాత కామన్ క్యారియర్ రిజిస్ట్రేషన్ నంబరు అడగాలి. అడిగినప్పుడు ఎదుటివాళ్లు తడబడటమే ఒక సమాచారం. "ఐబీఏ అప్రూవ్డ్" అనే ముద్ర చాలామంది వాడతారు. ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ ఆ జాబితా తయారుచేసేది, ఏ రవాణాదారుల రసీదుల మీద బ్యాంకులు నమ్మకం ఉంచవచ్చో చెప్పడానికి. బదిలీ మీద వెళ్లే బ్యాంకు ఉద్యోగులకు బిల్లు తిరిగి రావడానికి అది అవసరం కావచ్చు. కానీ మీ గాజు అల్మరాను జాగ్రత్తగా ప్యాక్ చేస్తారనడానికి అది హామీ కాదు. ఆ ముద్ర నిజమో కాదో కూడా జాబితాలో చూసుకోవాలి.

ఇంకో మాట: వీలైతే ఆఫీసుకో గోడౌన్‌కో స్వయంగా ఒకసారి వెళ్లండి. నక్షత్రాల రేటింగుల కంటే, ఈ మధ్య అదే దారిలో సామాను పంపిన ఇద్దరు ముగ్గురి మాట ఎక్కువ నిజం చెబుతుంది. ఆఫీసు తోటివాళ్లలో, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడిగితే అలాంటివాళ్లు దొరుకుతారు. అడ్వాన్సు కొంచెమే ఇచ్చి, పెద్ద భాగం సామాను దిగి, లెక్క సరిపోయాక ఇచ్చేలా ఒప్పుకోవాలి.

ఇంట్లో మన పని

ఎంత మంచి కంపెనీ అయినా జాబితా మన చేతిలో ఉండాలి. ప్రతి పెట్టెకూ నంబరు, లోపల ఏముందో, ఏ గదిలోదో. ఎక్కేటప్పుడు వాళ్ల మనిషితో కలిసి టిక్కు పెట్టి ఇద్దరూ సంతకాలు చేయాలి; దిగేటప్పుడు అదే కాగితంతో సరిచూడాలి. పగిలింది కనిపిస్తే డెలివరీ కాగితం మీదే రాసి సంతకం పెట్టాలి. "అన్నీ బాగున్నాయి" అని సంతకం చేసేశాక నోరు విప్పడం కష్టం.

వంటగ్యాస్ సిలిండర్ లారీలో ఎక్కించకూడదు. ఊరు మారుతుంటే ఏజెన్సీలో సిలిండర్, రెగ్యులేటర్ అప్పగించి, వోచర్ తీసుకుంటే కొత్త ఊళ్లో దాని మీద కనెక్షన్ దొరుకుతుంది. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్‌కు డ్రమ్ము కదలకుండా పట్టే బోల్టులు ముందే వెతికి పెట్టాలి. అవి లేకుండా పంపితే లోపలి భాగాలు దెబ్బతింటాయి. ఫ్రిజ్ ముందు రోజే ఆపి, నీళ్లు కారనిచ్చి, నిలువుగానే ఎక్కించాలి. అక్కడ దించాక కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయాలి. ఏసీని తెలిసిన మెకానిక్ తీస్తే గ్యాసును అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాగి బంధిస్తాడు; లేకపోతే కొత్తింట్లో మళ్లీ గ్యాసు పట్టాలి.

పార్టికిల్ బోర్డు మంచాలు, వార్డ్‌రోబ్‌ల గురించి ఒక మాట. ఒకసారి స్క్రూలు విప్పితే రెండోసారి అంత బిగువుగా పట్టవు. రెండుసార్లు విప్పి బిగించిన బీరువాను మూడో ఊరికి మోసుకుపోవడం కంటే, ఇక్కడే అమ్మేసి అక్కడ కొనుక్కుంటే లాభం. టేకు మంచం, ఇత్తడి సామాను, అమ్మమ్మ ఇచ్చిన ఊరగాయ జాడీలు మాత్రం ఎంత దూరమైనా తీసుకెళ్లదగ్గవే. జాడీలను ఖాళీ చేసి, ఒక్కోదాన్ని విడిగా చుట్టాలి. నూనెతో నిండిన జాడీ కారితే పక్క పెట్టెలోని పట్టుచీరల పని కూడా అయిపోతుంది. నగలు, సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజులు, మందులు మన చేతి సంచిలోనే ఉండాలి.

కారో బైకో రాష్ట్రం దాటి ఏడాదికి మించి ఉండబోతుంటే పాత ఆర్టీఏ నుంచి ఎన్‌వోసీ తీసుకుని కొత్త చోట మళ్లీ రిజిస్టర్ చేయించుకోవాలి. తరచూ బదిలీలయ్యే ఉద్యోగుల కోసం 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ నంబరు ఈ తిప్పలు తప్పిస్తుంది.

చవక భారం ఎవరి భుజం మీద

ధర గురించి మాట్లాడేటప్పుడు కంపెనీ, కస్టమరు మాత్రమే గుర్తొస్తారు. ఫ్రిజ్‌ను వీపుకు కట్టుకుని నాలుగు అంతస్తులు దిగే మనిషి ఎవరి లెక్కలోనూ ఉండడు. హైదరాబాద్‌లో ఈ పని చేసేవాళ్లలో పాలమూరు, నల్గొండ పల్లెల నుంచి వచ్చినవాళ్లు, బిహార్, ఒడిశా యువకులు ఉంటారు. చేతికి గ్లవ్స్, నడుముకు బెల్టు, బరువు కిందికి జారకుండా పట్టే ట్రాలీ చాలా చోట్ల కనపడవు. కొటేషన్‌లో కోత పడిన ప్రతిసారీ మొదట తగ్గేది మనుషుల సంఖ్య. నలుగురు మోయాల్సింది ఇద్దరు మోస్తారు. మనిషి నడుము విరిగేది, మన టేబుల్ కాలు విరిగేది ఒకే మెట్టు మీద.

అందుకే కొటేషన్‌లో ఎంతమంది వస్తారో రాయించుకోండి. వచ్చినవాళ్లకు మంచినీళ్లు, భోజనానికి సమయం ఇవ్వండి. లిఫ్టు వాడుకోవడానికి అసోసియేషన్‌తో ముందే మాట్లాడండి. కిందివాళ్లకు న్యాయంగా డబ్బిచ్చే కంపెనీ సామానును జాగ్రత్తగా చూసే కంపెనీ కూడా అయ్యుంటుంది. రెండూ ఒకే అలవాటు నుంచి వస్తాయి.

అమెరికాలో ఇదే పని

న్యూజెర్సీ నుంచి డాలస్‌కు మారే తెలుగు కుటుంబానికీ ఇదే చిక్కు ఎదురవుతుంది. కానీ అక్కడ రాష్ట్రాల మధ్య ఇంటి సామాను తరలింపుకే ప్రత్యేకంగా ఫెడరల్ నిబంధనలున్నాయి. కంపెనీకి ఫెడరల్ రవాణా శాఖ ఇచ్చే యూఎస్‌డాట్ నంబరు ఉండాలి. దాన్ని ఎవరైనా ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు. అంచనా ఖాయం కానిదైతే, డెలివరీ రోజు ఆ అంచనాలో 110 శాతానికి మించి అడిగి సామాను ఆపడానికి వీల్లేదు. కస్టమరు రాతపూర్వకంగా వద్దంటే తప్ప పూర్తి విలువకు కంపెనీయే పూచీ పడాలి. వద్దని సంతకం చేస్తే మాత్రం పౌండుకు 60 సెంట్లే వస్తాయి, అంటే 25 పౌండ్ల టీవీ పగిలితే 15 డాలర్లు. క్లెయిమ్‌కు 9 నెలల గడువుంది.

అక్కడా సామానును బందీ చేసే మోసాలు లేకపోలేదు. తేడా ఏమిటంటే, ఎక్కడ గీత దాటారో కస్టమరుకు, అధికారికి, కోర్టుకు ఒకేలా కనపడుతుంది.

చివరికి తేలేది

మన దగ్గర ఆ గీత లేదనలేం. క్యారేజ్ బై రోడ్ చట్టంలో ఉంది, వినియోగదారుల చట్టంలో ఉంది, న్యాయ సంహితలో ఉంది. కానీ మూడు చోట్ల చెదిరి ఉంది, సామాను సర్దుకునే ఇంటిదాకా చేరలేదు. రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు మూడు పనులు చేస్తే పరిస్థితి చాలావరకు మారుతుంది. రిజిస్టరైన కామన్ క్యారియర్ల జాబితాను ఎవరైనా ఫోన్లో వెతుక్కునేలా పెట్టాలి. ఇంటి సామానుకు ఒకే నమూనా ఒప్పంద పత్రాన్ని తెలుగులో తయారుచేసి, విలువ, గడువు, మనుషుల సంఖ్య నింపనిదే ఎల్ఆర్ ఇవ్వకూడదని నిబంధన పెట్టాలి. రాసిన ధర మీద ఇంత శాతానికి మించి దించేటప్పుడు అడగకూడదని గరిష్ఠ పరిమితి ప్రకటించాలి. వీటికి పెద్ద ఖర్చు లేదు.

అవి వచ్చేదాకా ఆ పత్రాన్ని మనమే రాయించుకోవాలి. సర్వే చేసి ఇచ్చిన కొటేషన్, విలువ రాసిన ఫార్వర్డింగ్ నోట్, ఒకే పేరున్న ఎల్ఆర్, నిజమైన పాలసీ సర్టిఫికెట్, సంతకాలున్న జాబితా: ఈ ఐదు కాగితాలు ఇవ్వడానికి ఇష్టపడే కంపెనీలను ఒక పక్కన పెట్టండి. ధర పోల్చాల్సింది వాటి మధ్యనే. ఇవ్వనన్న కంపెనీ ఎంత తక్కువ చెప్పినా ఆ పోలికలోకి రానివ్వకండి.